విషయ పంక్తిలో ముద్ర: ఈమెయిల్ స్పామ్ సూచికల చరిత్ర, పాఠ ప్రామాణ్య సమస్య

వ్యాససంగ్రహం

అయాచిత వాణిజ్య లేఖలను అందుకొనేవారు విప్పకముందే గుర్తించేందుకు వీలుగా, ఈమెయిల్ విషయ పంక్తి ఆరంభంలో ఒక ముద్రను తప్పనిసరి చేస్తూ 1998 నుండి అమెరికా రాష్ట్రాలలోను, తూర్పు ఆసియా దేశాలలోను చట్టాలు వచ్చాయి. అదే కాలంలో వడపోత సాఫ్ట్‌వేర్‌లు తమంతట తాముగా ఇతరుల విషయ పంక్తులలో ముద్రలు రాయసాగాయి. ఈ రెండు పద్ధతుల పుట్టుకను, అవి ఎదుర్కొన్న చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చట్టబద్ధ ముద్రలు విఫలం కావడానికి పంపేవారి మోసం ఒక్కటే కారణం కాదనీ, రాసేవారికి లాభాన్ని, మోసేవారికి తనిఖీ అధికారాన్ని ఇవ్వకపోవడం, విషయ పంక్తి స్వభావాన్ని ముద్రిత పుట వంటిదిగా భావించడం అంతకంటె మూలమైన కారణాలనీ వాదిస్తుంది. తెలుగు లిపిలో రాసిన విషయ పంక్తులకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని కూడ చర్చిస్తుంది.

కీలక పదాలు: ఈమెయిల్, విషయ పంక్తి, స్పామ్, ముద్ర, వడపోత, ప్రక్షిప్తం, తెలుగు లిపి సంకేతీకరణ.

ఉపోద్ఘాతం

ఉత్తరాన్ని విప్పకముందే దాని స్వభావాన్ని తెలుసుకొనే పద్ధతులు తెలుగువారికి కొత్తవి కావు. నాలుగు మూలల పసుపు అంటిన కవరు గడపలోకి రాగానే అందులోనిది శుభవార్త అని చదువురాని వారికి సైతం తెలిసేది. అంటించకుండా మడిచిన కవరుపై 'బుక్ పోస్ట్' అన్న మాట కనిపిస్తే అందులో అచ్చుకాగితమో ఆహ్వానపత్రమో ఉన్నదని, తొందరపడి విప్పవలసిన పని లేదని ఇంటివారు గ్రహించేవారు. ఈ రెండవ ఉదాహరణ మన చర్చకు మరింత దగ్గరిది. 'బుక్ పోస్ట్' అని రాసేది పంపేవారే. ఆ మాట రాస్తే రుసుము తగ్గుతుంది కాబట్టి రాసేవారు. దానికి బదులుగా కవరును తెరచి ఉంచవలసి వచ్చేది. లోపల సొంత ఉత్తరం దాచారేమోనని తపాలా ఉద్యోగి తీసి చూడవచ్చు. పంపేవారికి లాభం, మోసేవారికి తనిఖీ హక్కు అనే రెండు ఆధారాల మీద ఆ చిన్న ముద్ర నిలబడింది.

ఈమెయిల్ యుగంలో ఇటువంటి ముద్రను విషయ పంక్తిలో నిలపాలని శాసనకర్తలు చేసిన ప్రయత్నానికి ఆ రెండు ఆధారాలూ లేవు. ఈ వ్యాసకర్తను ఈ అంశం వైపు నడిపించినది మాత్రం చట్టం కాదు, సొంత అనుభవం. కొన్నేళ్ళ క్రితం ఒక సదస్సుకు పత్రసంగ్రహాన్ని తెలుగు విషయ పంక్తితో పంపాను. గడువు దాటినా జవాబు రాలేదు. ఆరా తీయగా నిర్వాహకులు వెదికి, మన్నించమంటూ ప్రత్యుత్తరం ఇచ్చారు. ఆ ప్రత్యుత్తరం విషయ పంక్తిలో నా మాటలకు ముందు ఐదు నక్షత్రాలు, 'స్పామ్' అన్న పదం, మరల ఐదు నక్షత్రాలు ఉన్నాయి. నేను రాయనిది నా పంక్తిలో నా పేరుతో నిలిచింది. ఎవరు రాశారు, ఏ అధికారంతో రాశారు అన్న ప్రశ్న అప్పుడు పుట్టినదే.

విషయ పంక్తి పుట్టుక

మన కార్యాలయ లేఖలలో 'విషయం', 'సూచిక' అనే పంక్తులు ఉన్నట్లే ఈమెయిల్‌లోని విషయ పంక్తి కూడ దఫ్తరు జ్ఞాపికల రూపాన్ని పోలినదే. ఆర్పానెట్ లేఖల శీర్ష పంక్తులను క్రమబద్ధం చేయడానికి 1973 సెప్టెంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 561 పత్రం పంపినవారు, తేదీ, విషయం అనే పంక్తులను ప్రతిపాదించింది. దాని నలుగురు రచయితలలో ఒకరు అభయ్ భూషణ్. కాన్పూర్ ఐఐటీ తొలి జట్టు పట్టభద్రుడైన ఆయన దస్త్రాల బదిలీ నియమావళి అయిన ఎఫ్‌టీపీ రూపకర్తగా ప్రసిద్ధుడు. ఆ తరువాత 1977లో ఆర్‌ఎఫ్‌సి 733, 1982లో ఆర్‌ఎఫ్‌సి 822 ఈ రూపాన్ని స్థిరపరచాయి.

ఈ ప్రమాణాలన్నింటిలో గమనింపదగిన విశేషం ఒకటి ఉంది. చిరునామా, తేదీ వంటి పంక్తులకు కచ్చితమైన వ్యాకరణం ఉండగా విషయ పంక్తిని మాత్రం నిర్మాణరహితమైన పాఠంగా వదిలివేశారు. లేఖ సారాన్నో స్వభావాన్నో సూచించడం దాని పని. అది మనిషి కోసం మనిషి రాసేది, యంత్రం దాని అర్థాన్ని పట్టించుకోనవసరం లేదు. అసలు విషయ పంక్తి లేకుండా కూడ లేఖ పంపవచ్చు. తరువాతి చరిత్ర అంతా ఈ స్వేచ్ఛ చుట్టూనే తిరిగింది.

అక్కరలేని లేఖల బాధ కూడ దాదాపు అంతే పాతది. జాన్ పోస్టెల్ 1975 నవంబరులో రాసిన ఆర్‌ఎఫ్‌సి 706 శీర్షికలోనే 'జంక్ మెయిల్ సమస్య' అన్న మాట ఉంది. అందులోని ఆందోళన ప్రకటనల గురించి కాదు, అక్కరలేని సందేశాలను తిరస్కరించే మార్గం అతిథేయ యంత్రానికి లేకపోవడం గురించి. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ప్రతినిధి తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ అమెరికా పశ్చిమ తీరంలోని సుమారు 400 మందికి ఒకే లేఖ పంపినప్పుడు, చిరునామాల జాబితా తన గడిలో పట్టక లేఖ శరీరంలోకి పొంగిపోయింది. నిర్మాణం ఉన్న గడి నుండి నిర్మాణం లేని చోటికి అక్షరాలు పొర్లడం ఈమెయిల్ చరిత్రలో అదే మొదటిసారో కాదో గాని, చివరిసారి మాత్రం కాదు.

నాలుగు అక్షరాల చట్టం

1998లో కాలిఫోర్నియా శాసనసభ చేసిన చట్టం 1999 జనవరి నుండి అమలులోకి వచ్చింది. అయాచిత వాణిజ్య ఈమెయిల్ విషయ పంక్తిలో మొదటి నాలుగు గుర్తులు 'ఏ', 'డి', 'వి' అనే ఆంగ్లాక్షరాలు, వాటి వెంట కోలన్ అయి ఉండాలని అది నిర్దేశించింది. 'అడ్వర్టైజ్‌మెంట్' అనే మాటకు అది కుదింపు. వయోజనులకు మాత్రమే తగిన సరుకైతే దానికి మరొక నాలుగక్షరాల గుర్తు తోడు కావాలి. కొలరాడో, టెన్నెసీ వంటి మరికొన్ని రాష్ట్రాలు ఇదే బాటలో నడిచాయి.

వాషింగ్టన్ రాష్ట్రం అదే 1998లో భిన్నమైన మార్గం ఎంచుకొంది. ఏమి రాయాలో అది చెప్పలేదు, ఏమి రాయకూడదో చెప్పింది. అపోహ కలిగించే విషయ పంక్తి నిషిద్ధం. పొరుగున ఉన్న ఆరెగన్ నుండి పెద్ద సంఖ్యలో లేఖలు పంపిన ఒక వ్యాపారిపై ఆ చట్టం కింద వ్యాజ్యం నడిచింది. సరైన చిరునామాకే రాస్తున్నానా అని పాత పరిచయస్థుడిలా అడుగుతున్నట్లు ఆయన విషయ పంక్తులు ఉండేవి. రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి ఈ చట్టం ఆటంకమని కింది కోర్టు కొట్టివేసినా, 2001లో వాషింగ్టన్ సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చట్టాన్ని నిలబెట్టింది. మరుసటి ఏడు కాలిఫోర్నియా అప్పీలు కోర్టు కూడ తమ ముద్ర చట్టం రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. అంటే న్యాయస్థానాలలో ఈ చట్టాలు ఓడిపోలేదు. ఓటమి మరొక చోట జరిగింది.

ఆ ఓటమిని అంకెలలో చూపింది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్. 2003 ఏప్రిల్‌లో వెలువడిన దాని అధ్యయనం సుమారు 1000 స్పామ్ లేఖలను పరిశీలించింది. వాటిలో 22 శాతం లేఖల విషయ పంక్తులు అసత్య సమాచారాన్ని కలిగి ఉన్నాయి. చట్టం కోరిన ముద్ర ఉన్నవి 2 శాతం మాత్రమే. ఈ రెండు శాతం ఎవరు అన్నది ఆలోచించదగినది. చట్టానికి భయపడి తమ లేఖపై తామే ముద్ర వేసుకొన్నవారు నిజాయితీపరులు. వడపోత యంత్రం మొట్టమొదట పారవేసేది వారి లేఖనే, ఎందుకంటే దానిని పట్టుకోవడానికి నాలుగు గుర్తులు పోల్చితే చాలు. చట్టాన్ని లెక్కచేయనివాడి లేఖ మాత్రం గడప దాటి లోపలికి వచ్చేది. బుక్ పోస్ట్ ముద్ర రాసినవాడికి పైకం మిగిలేది. ఈ ముద్ర రాసినవాడికి ఉన్న పాఠకుడు కూడ పోయేవాడు.

అయినప్పటికీ ఆ పద్ధతిపై నమ్మకం ఉన్నవారు లేకపోలేదు. అప్పట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన లారెన్స్ లెసిగ్ 2003లో తన ఉద్యోగాన్నే పందెంగా ఒడ్డారు. ముద్రను తప్పనిసరి చేసి, ముద్ర లేకుండా పంపినవారిని పట్టిచ్చిన వ్యక్తికి జరిమానాలో వాటా ఇచ్చే చట్టం జాతీయ స్థాయిలో వస్తే స్పామ్ గణనీయంగా తగ్గుతుందనీ, తగ్గకపోతే తాను కొలువు వదులుకొంటాననీ ప్రకటించారు. ప్రతినిధుల సభ సభ్యురాలు జో లాఫ్‌గ్రెన్ అటువంటి బిల్లునే ప్రవేశపెట్టారు. లెసిగ్ ఆలోచనలోని బలం ముద్రలో కంటె బహుమానంలో ఉందని నా అభిప్రాయం. తనిఖీ చేసే తపాలా ఉద్యోగి లేని చోట, ప్రతి పాఠకుడినీ ఆ ఉద్యోగిగా మార్చాలన్నదే ఆయన ఊహ. ఆ బిల్లు చట్టం కాలేదు కనుక పందెం తేలకుండానే ముగిసింది.

2003 డిసెంబరు 16న అధ్యక్షుని సంతకంతో వచ్చిన కాన్-స్పామ్ చట్టం 2004 జనవరి 1 నుండి అమలైంది. మోసాన్ని నిషేధించే నిబంధనలు మినహా ఈమెయిల్‌పై రాష్ట్రాలు చేసిన చట్టాలను అది తోసిపుచ్చింది. దానితో నాలుగు అక్షరాల ముద్రలకు కాలం చెల్లింది. లేఖ ప్రకటన అని స్పష్టంగా తెలియజేయాలని కొత్త చట్టం అన్నది గాని ఎక్కడ, ఏ అక్షరాలతో అన్నది చెప్పలేదు. విషయ పంక్తి ముద్రపై 18 నెలలలో నివేదిక ఇవ్వమని మాత్రం కమిషన్‌ను ఆదేశించింది. 2005 జూన్‌లో వచ్చిన ఆ నివేదిక రాష్ట్రాల, ఇతర దేశాల అనుభవాన్ని తరచి చూసి, తప్పనిసరి ముద్ర వద్దని సిఫారసు చేసింది.

ఒక్క మినహాయింపు మిగిలింది. లైంగిక విషయాలున్న వాణిజ్య లేఖలకు కమిషన్ 2004 మే 19 నుండి ప్రత్యేక ముద్రను విధించింది. ఈ నియమంలోని భాష గమనింపదగినది. ఆంగ్లంలో 'సెక్సువల్లీ-ఎక్స్‌ప్లిసిట్' అనే మాట నడిమి గీతతో సహా 17 గుర్తులు, కోలన్ 18వది, దాని వెనుక ఖాళీ 19వది అని లెక్క చెప్పింది. అన్నీ పెద్ద అక్షరాలే కావాలి. 'గుర్తు' అంటే ఆస్కీ పట్టికలోని గుర్తు మాత్రమేనని నిర్వచనం కూడ ఇచ్చింది. ఖాళీని సైతం లెక్కపెట్టే ఈ జాగ్రత్త చాదస్తంలా తోచవచ్చు. అది ఎందుకు అవసరమైందో తూర్పు ఆసియా అనుభవం చూస్తే తెలుస్తుంది.

గీత పొడవు తేడా

జపాన్‌లో స్పామ్ ముఖ్యంగా చేతిఫోన్ల బాధగా మొదలైంది. 2002 జూలై నుండి అమలైన చట్టం ప్రకారం అయాచిత ప్రకటన విషయ పంక్తి మొదట 'మిషోదాకు కోకోకు' అన్న మాటలు, వాటి వెంట ఒక నక్షత్రం వంటి గుర్తు ఉండాలి. 'సమ్మతి పొందని ప్రకటన' అని ఆ మాటలకు అర్థం. ఇందులో మొదటి అక్షరం 'మి', 'ఇంకా కానిది' అనే భావాన్ని ఇచ్చే చైనా లిపి అక్షరం. నిలువు గీతను ఖండిస్తూ రెండు అడ్డగీతలు ఉండే ఆ అక్షరంలో పై గీత పొట్టిది, కింది గీత పొడుగుది. పై గీత పొడుగై కింది గీత పొట్టిదైతే అది వేరే అక్షరం, 'చివర' అని అర్థం. స్పామ్ పంపేవారు మొదటి దాని స్థానంలో రెండవది వేశారు. చదివే కన్ను తేడా పట్టలేదు. చట్టాన్ని పాటించినట్లే కనిపించింది. వడపోతకు మాత్రం అవి రెండు వేర్వేరు సంకేతాలు కనుక లేఖ దాటిపోయింది.

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఇది పరిచయమైన సంగతే. ప-వ, ద-ధ ఒకదానికొకటి మారిన పాఠాలు మనకు కొల్లలు. అక్కడ లేఖకుని పొరపాటు, ఇక్కడ లేఖకుని తెలివి. పరిష్కర్త పని మాత్రం రెండింటిలోను ఒకటే.

దక్షిణ కొరియా చట్టం కోరిన మాట 'క్వాంగో', అనగా ప్రకటన. కుండలీకరణాల మధ్య రెండే అక్షర కూటములు. వాటి మధ్య చుక్కను, ఖాళీని, అలల గీతను చేర్చి పంపేవారు తప్పించుకోసాగారు. అప్పుడు ప్రభుత్వం విషయం చివర ఈమెయిల్ చిరునామాలలో వాడే 'ఎట్' గుర్తును కూడ చేర్చాలని నియమం పెట్టింది. చీల్చడానికి వీలులేని ఒంటి గుర్తు కావడమే దాని సుగుణం. చైనా 2006లో తెచ్చిన నిబంధనలు ప్రకటన అనే చైనా మాటను గాని, రెండు ఆంగ్లాక్షరాల కుదింపును గాని అనుమతించాయి. సింగపూర్ 2007 చట్టం కాలిఫోర్నియా అక్షరాలను కోణ కుండలీకరణాలలో పెట్టి, వెనుక ఖాళీ ఉంచమన్నది.

జపాన్ 2008లో చట్టాన్ని సవరించి ముందస్తు సమ్మతి లేకుండా ప్రకటన పంపడాన్నే నిషేధించింది. దానితో ముద్ర అవసరం తీరిపోయింది. 'సమ్మతి పొందని ప్రకటన' అని రాసుకొనే వర్గమే చట్టం దృష్టిలో లేకుండా పోయింది. ఐరోపా సమాజం 2002 ఆదేశంలోనే ఈ సమ్మతి మార్గాన్ని ఎంచుకొన్నది కనుక అక్కడ విషయ పంక్తి ముద్రల చరిత్ర చెప్పుకోదగినంత లేదు.

మొదటి అక్షరం ఏది?

'విషయ పంక్తిలోని మొదటి నాలుగు గుర్తులు' అన్నప్పుడు శాసనకర్త మనసులో ఉన్నది అచ్చు కాగితం. కాగితం మీద మొదటి అక్షరం ఏదో సందేహం ఉండదు. ఈమెయిల్‌లో ఉంటుంది.

ఆదిలో శీర్ష పంక్తులు ఆస్కీ గుర్తులకే పరిమితం. ఇతర లిపులకు చోటు కల్పించడానికి 1992లో ఆర్‌ఎఫ్‌సి 1342, దాని స్థానంలో చివరకు 1996 నవంబరులో ఆర్‌ఎఫ్‌సి 2047 ఒక ఉపాయం చెప్పాయి. లిపి పేరు, సంకేతీకరణ పద్ధతి, ఆపై మారురూపంలో పాఠం. వీటిని సమాన చిహ్నాలు, ప్రశ్నార్థకాల మధ్య బంధించి పంపితే అందుకొనే యంత్రం విప్పి చూపుతుంది. ఇలాంటి ఒక్కొక్క పొట్లం 75 గుర్తులకు మించరాదు.

తెలుగు విషయ పంక్తి ఈ దారిలో ఎలా ప్రయాణిస్తుందో చూద్దాం. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు వర్ణానికి మూడు బైట్లు. బేస్64 మారురూపంలో మూడు బైట్లు సరిగా నాలుగు గుర్తులవుతాయి. పొట్లపు మొదలూ చివరా 12 గుర్తులను తీసుకొంటాయి కాబట్టి లోపల పట్టేవి 15 వర్ణాలు. ఇక్కడ గుణింతపు గుర్తులు, పొల్లు కూడ విడి వర్ణాలే. 'విశ్వవిద్యాలయం' అన్న ఒక్క పదంలో అటువంటివి 14. అంటే ఆ ఒక్క మాటతోనే పొట్లం దాదాపు నిండిపోతుంది, రెండవ పదం తరువాతి పొట్లంలోకి వెళ్ళవలసిందే. ఒక సంయుక్తాక్షరపు పొల్లు ఒక పొట్లంలోను, దాని కింది ఒత్తు మరొక పొట్లంలోను పడడం కూడ నిబంధనల ప్రకారం తప్పు కాదు. మరొక విశేషం: తెలుగు అక్షరంతో మొదలయ్యే ఏ విషయ పంక్తి అయినా ఈ మారురూపంలో నాలుగు అంకె, 'ఎల్', 'సి' అనే మూడు గుర్తులతోనే ఆరంభమవుతుంది. అదీ పొట్లం విప్పిన తరువాతి సంగతి. తీగపై ప్రయాణించే రూపంలో మొదటి నాలుగు గుర్తులు సమాన చిహ్నం, ప్రశ్నార్థకం, 'యు', 'టి'. 'తెలుగు పరిశోధన' అని రాసినా, 'పెళ్ళిపిలుపు' అని రాసినా అవే నాలుగు.

కాలిఫోర్నియా ముద్రనే ఇలా మారురూపంలో పంపితే కంటికి ముద్ర ఉంటుంది, ముడి పాఠాన్ని వెదికే వడపోతకు ఉండదు. ఆస్కీ అని కమిషన్ నొక్కి చెప్పవలసి రావడం వెనుక ఉన్న చిక్కు ఈ కోవకు చెందినదే. ప్రత్యుత్తరం ఇచ్చేటప్పుడు ముందు చేరే 'రీ' అన్న కుదింపును కూడ తలచుకోవాలి. లాటిన్ నుండి వచ్చిన ఆ రెండక్షరాలు చేరిన క్షణంలో ముద్ర మొదటి స్థానాన్ని కోల్పోతుంది.

ఈ చిక్కులను కార్ల్ మలమూద్ 2005 మే నెలలో రాసిన ఆర్‌ఎఫ్‌సి 4096 చర్చించింది. విధాన నిర్ణేతలు విషయ పంక్తిలో విధించే ముద్రలు ఎంత బాగా పనిచేసినా నిష్ఫలమేనన్న అర్థంలో ఆ పత్రానికి పెట్టిన శీర్షికలో ఒక చమత్కారం ఉంది. ప్రమాణ పత్రాలలో హాస్యం అరుదు కనుక దీనిని ప్రస్తావిస్తున్నాను. తన ప్రత్యామ్నాయం నిష్ఫలమయ్యే అవకాశం కొంచెం తక్కువని మాత్రమే ఆయన చెప్పుకొన్నారు. ఆ ప్రత్యామ్నాయాన్ని అంతకుముందే 2004 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సి 3865లో వివరించారు. మనుషుల కోసం ఉన్న విషయ పంక్తిని వదిలి, యంత్రాల కోసం వేరే శీర్ష పంక్తిని ఏర్పరచాలి. 'విక్రేతలు లోనికి రారాదు' అని ఇంటి తలుపుపై పలక తగిలించినట్లు, అందుకొనే యంత్రం ముందే తన అభీష్టాన్ని ప్రకటించాలి. పద్ధతి చక్కనిది, వాడుకలోకి రాలేదు. అందులో కూడ పంపేవాడే తన లేఖను తానే వర్గీకరించాలి గదా.

భారతదేశంలో

ఈమెయిల్ విషయ పంక్తిలో ముద్రను విధించిన ప్రత్యేక చట్టం మన దేశంలో రాలేదు. 2008 సవరణతో సమాచార సాంకేతిక చట్టంలో చేరిన 66ఎ సెక్షన్ మూడవ ఉపాంశం, చికాకు కలిగించే లేదా పంపినవారెవరో తెలియకుండా మభ్యపెట్టే ఈమెయిల్‌ను నేరంగా పేర్కొంది. భావప్రకటన స్వేచ్ఛకు భంగకరమని 2015 మార్చి 24న సుప్రీం కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసినప్పుడు స్పామ్‌కు వర్తించే ఈ ఉపాంశం కూడ పోయింది. ఆ తీర్పుపై జరిగిన చర్చలో ఈ నష్టాన్ని పట్టించుకొన్నవారు తక్కువ. పట్టించుకోనవసరం లేదనే నేనూ అనుకొంటాను, ఎందుకంటే 'చికాకు' అన్న కొలత స్పామ్‌కు కూడ మరీ వదులైనదే.

ముద్ర మన దేశంలో చేతిఫోన్ సందేశాల ద్వారా వచ్చింది. టెలికాం నియంత్రణ సంస్థ 2025 ఫిబ్రవరి సవరణ ప్రకారం వాణిజ్య సందేశం పంపినవారి పేరు చివర ప్రచారమైతే 'పి', సేవ అయితే 'ఎస్', లావాదేవీ అయితే 'టి', ప్రభుత్వ సందేశమైతే 'జి' అనే అక్షరం ఉండాలి. కాలిఫోర్నియా ముద్రకు, దీనికి ఉన్న భేదం అక్షరాల సంఖ్యలో లేదు. పంపే సంస్థ, దాని పేరు, సందేశపు నమూనా టెలికాం సంస్థల వద్ద ముందే నమోదు కావాలి, అక్షరం ఆ నమోదును అనుసరిస్తుంది. నమోదు లేకపోతే సందేశం కదలదు. బుక్ పోస్ట్ కవరును తెరచి చూసిన తపాలా ఉద్యోగి స్థానం ఇక్కడ మరల భర్తీ అయింది. ఈమెయిల్‌లో అటువంటి ఒక్క ద్వారం లేదు. ఎవరైనా సొంత సర్వరు నిలుపుకొని పంపవచ్చునన్నది దాని బలం. ముద్ర చట్టాలు ఓడినది ఆ బలం చేతిలోనే.

ప్రక్షిప్తం

పంపేవారు తమ ముద్ర తాము వేసుకోనప్పుడు మోసేవారు వేయసాగారు. జస్టిన్ మేసన్ 2001లో విడుదల చేసిన స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి లేఖనూ అనేక నియమాలతో పరీక్షించి మార్కులు వేస్తుంది. మొత్తం 5కు చేరితే స్పామ్ అని నిర్ణయిస్తుంది. విషయ పంక్తి మొదట నక్షత్రాల నడుమ 'స్పామ్' అని రాసే పద్ధతి దాని తొలి ప్రతుల నుండే ప్రసిద్ధమైంది. 2004లో అపాచీ సంస్థ నీడలో వచ్చిన 3.0 ప్రతిలో విషయాన్ని తిరగరాయడం నిర్వాహకుడు కోరితేనే జరుగుతుంది. అయితే కోరినవారు చాలామంది ఉన్నారు. లేఖను పారవేస్తే నింద, వదిలివేస్తే చికాకు. ముద్ర వేసి అందించడం ఆ రెండింటి మధ్య రాజీ.

ఈ మార్కులలో లిపికి కూడ పాత్ర ఉంది. విషయ పంక్తిలో సంకేతీకరణ చేయని ముడి 8-బిట్ గుర్తులు ఎక్కువగా ఉంటే మార్కులు పెంచే నియమం ఒకటి. యూనికోడ్‌కు ముందు తెలుగు ఫాంట్లు దాదాపు అన్నీ 8-బిట్ స్థానాలనే ఆక్రమించాయి. ఆ అక్షరాలను ఉన్నదున్నట్లు విషయ పంక్తిలో పెట్టి పంపితే ఆ నియమం వర్తించినట్లే. వాడుకరికి ఏ లిపులు సమ్మతమో చెప్పే అమరికలో పాశ్చాత్య, జపాన్, కొరియా, రష్యా, థాయ్, చైనా వర్గాలు ఉన్నాయి, భారతీయ లిపి ఒక్కటీ లేదు. దీనిని వివక్ష అనలేము. స్పామ్ ఆ లిపులలో వెల్లువెత్తింది కనుక ఆ పేర్లు చేరాయి. మన లిపి ప్రస్తావన లేకపోవడం మన లేఖల కొరతకు గుర్తు.

ఇక పాఠ ప్రామాణ్యం. మూలకర్త రాయనిది, ప్రతిలో చేరినది, మూలకర్త పేరుతో చలామణి అయ్యేది ప్రక్షిప్తం. నక్షత్రాల ముద్ర అక్షరాలా అదే. పైగా అది అంటువ్యాధి వంటిది. ముద్ర పడిన లేఖకు ఇచ్చిన ప్రత్యుత్తరంలోనూ, దానికి ఇచ్చిన మారుప్రత్యుత్తరంలోనూ ముద్ర కొనసాగుతుంది. నా సదస్సు లేఖ విషయంలో మూడు నెలలు కొనసాగింది. పంపినవారి డొమైన్ చేవ్రాలును లేఖకు జతచేసే డీకిమ్ పద్ధతి 2007లో ప్రమాణమైన తరువాత ఈ ప్రక్షిప్తానికి మరొక ఫలితం తోడైంది. విషయ పంక్తి సాధారణంగా ఆ చేవ్రాలు పరిధిలో ఉంటుంది. చేవ్రాలు పడ్డాక దారిలో ఒక్క నక్షత్రం చేర్చినా సీలు పగిలినట్లే. అనుమానాస్పదమని ముద్ర వేయడమే ఆ లేఖను తరువాతి పరీక్షలో నిజంగా అనుమానాస్పదం చేస్తుంది.

స్పామ్‌అసాసిన్ రూపకర్తలకు ఈ స్పృహ ఉంది. విషయాన్ని మార్చినప్పుడు పాత పాఠాన్ని 'ఎక్స్-స్పామ్-ప్రీవ్-సబ్జెక్ట్' అనే కనిపించని శీర్ష పంక్తిలో భద్రపరచే ఏర్పాటు చేశారు. అధోజ్ఞాపికలో పాఠాంతరం ఇచ్చే పరిష్కర్త పద్ధతి ఇది. తాము చేర్చినదంతా తొలగించి లేఖను పూర్వరూపానికి తెచ్చే ఆదేశం కూడ ఇచ్చారు. ఈమెయిల్ సంచయాలతో పనిచేసే పరిశోధకులకు ఇది కేవలం ఆసక్తికర విషయం కాదు. ముద్రలు తొలగించకుండా ఒక వర్గీకరణ నమూనాకు శిక్షణ ఇస్తే, అది లేఖ భాషను కాక ముద్రనే నేర్చుకొని గొప్ప ఫలితాలు చూపుతుంది. రచయితల లేఖావళిని ఈమెయిల్ నుండి సంకలనం చేయబోయేవారు కూడ శీర్ష పంక్తులు తీసివేసి దేహాన్ని మాత్రమే దాచుకొంటే, ఏది రచయిత మాట, ఏది సర్వరు మాట అని తేల్చే సాక్ష్యం పోగొట్టుకొంటారు.

ప్రత్యుత్తరంలోకి ముద్ర వెళుతుంది గాని ఆ కనిపించని పంక్తి వెళ్ళదు. కాబట్టి నా లేఖకు ఇప్పుడు మూడు ప్రతులున్నాయి. నా 'పంపినవి' పెట్టెలో ఉన్నది ముద్ర లేనిది. నిర్వాహకుల పెట్టెలోని దానిలో ముద్రా ఉంది, దాని వెనుక మూలపాఠమూ ఉండవచ్చు. నాకు తిరిగి వచ్చిన దానిలో ముద్ర మాత్రమే ఉంది. రేపు ఎవరైనా ఆ సదస్సు పత్రవ్యవహారాన్ని వెదికితే, సులువుగా దొరికేది ఈ మూడవదే.